చైత్రం, వైశాఖం నెలల్లోనే డబుల్ అయ్యే ఫోల్డర్లు: ఒక కేస్ స్టడీ

2024 ఏప్రిల్ చివర్లో రాజమండ్రి నుంచి ఫోన్. అక్కడొక చిన్న మాసపత్రిక ఆఫీసు ఉంది, పేరెందుకులెండి, వాళ్ళ కంప్యూటర్లు, నెట్‌వర్క్, బ్యాకప్ పనంతా నేనే చూస్తుంటా. నేను హలో అనేలోపే ఓనర్ గారు "ఎండలొచ్చేశాయి బాబూ, మళ్ళీ మన సర్వర్‌కి పిచ్చెక్కింది" అన్నారు. ఆయన జోక్ చెయ్యట్లేదు. మూడేళ్ళుగా ఉగాది వెళ్ళగానే ఫోల్డర్లు రెండ్రెండు కనిపించడం, ప్రూఫ్ చూసే మాస్టారు దిద్దిన కరెక్షన్లు మాయమవడం మొదలవుతుందట, జ్యేష్ఠం వచ్చేసరికి దానంతటదే సర్దుకుంటుందట. అందుకని 2023లోనే సర్వర్ ఉన్న గది కిటికీకి ఒక కూలర్ కూడా కొనిపెట్టారు. తగ్గలేదు.

ఫోన్లో విన్నప్పుడు నాకూ ఏం తట్టలేదు. హార్డ్ డిస్క్ వేడెక్కితే ఎర్రర్లొస్తాయి, ఫైల్ పాడవుతుంది, అంతేగాని ఫోల్డర్ ఇంకో ఫోల్డర్‌ని కనదు కదా.

ముందు ఆఫీసులో ఏమేం ఉన్నాయో చెప్తా. టైపింగ్‌కి రెండు విండోస్ 10 పీసీలు, ప్రూఫ్ చూసే మాస్టారికి ఒకటి, అదీ విండోసే. పేజీలు పెట్టే కుర్రాడి దగ్గర 2011 నాటి ఐమ్యాక్, దానికి హై సియెర్రా అనే పాత మ్యాక్ వెర్షన్ తర్వాత ఇంక అప్‌డేట్ రాదు, లోపల పాత తిరిగే హార్డ్ డిస్కే కాబట్టి ఫైల్ సిస్టమ్, అంటే డిస్కు మీద ఫైళ్ళనీ పేర్లనీ దాచే పద్ధతి, అది కూడా పాత హెచ్ఎఫ్ఎస్ ప్లస్సే (హై సియెర్రా వేసినప్పుడు ఎస్ఎస్‌డీ ఉన్న మ్యాకుల్నే కొత్త ఏపీఎఫ్ఎస్‌కి మార్చింది, వీళ్ళది మారలేదు). మధ్యలో సర్వర్‌గా ఒక లినక్స్ బాక్స్, దాని డిస్కు ఫైల్ సిస్టమ్ ఎక్స్‌ట్4, విండోస్ వాళ్ళకి సాంబా (లినక్స్ ఫోల్డర్లని నెట్‌వర్క్‌లో చూపించే ప్రోగ్రామ్) ద్వారా షేర్ అవుతుంది. మ్యాక్‌కి మాత్రం రాత్రి ఒంటిగంటకి ఆర్‌సింక్ (ఫైళ్ళు కాపీ చేసే టూల్) స్క్రిప్ట్ ఒకటి నడుస్తుంది, ముందు సర్వర్‌లో ఉన్నవి మ్యాక్‌కి దింపుతుంది, తర్వాత మ్యాక్‌లో కొత్తగా ఉన్నవి సర్వర్‌కి ఎక్కిస్తుంది, రెండు వైపులా ఏది కొత్తదైతే అదే ఉంటుంది. ఆ స్క్రిప్ట్ 2022లో రాసిచ్చింది నేనే. ఈ విషయం ముందే ఒప్పేసుకుంటున్నా.

ఫోల్డర్ల పేర్లు తెలుగులో ఉంటాయి, ఇంగ్లీష్ నెలలు కాదు, మన నెలలే. శుభకృత్, శోభకృత్, క్రోధి అని సంవత్సరానికొకటి, లోపల పన్నెండు నెలలు, ఒక్కో నెలలో వ్యాసాలు, కథలు, కవర్, యాడ్స్. మాస్టారు రిటైరైన తెలుగు టీచర్, ఇంగ్లీష్ అక్షరాల్లో ఉన్న పేర్లు ఆయన వెతకలేరు, వెతకాల్సిన అవసరమేంటి అని నిలదీస్తారు కూడా. పాత రోజుల్లో అను ఫాంట్లతో కొట్టేటప్పుడు ఫైల్ పేరు తెలుగులో పెట్టే దారే లేదు, ఆ ఫాంట్ తీసేస్తే కనిపించేది ఇంగ్లీష్ అక్షరాల గజిబిజే, అందుకే అప్పటి ఫైళ్ళన్నీ ఇంగ్లీష్‌లోనే ఉన్నాయి, వైశాఖం అనే ఒక్క మాటకే నాలుగు స్పెల్లింగులు కనిపించాయి నాకు, ఒకడు వి తర్వాత వై పెట్టాడు, ఒకడు ఏ ఐ పెట్టాడు, ఒకడు ఎస్ తర్వాత హెచ్, ఒకడు హెచ్ లేకుండా.

నేను వెళ్ళిన రోజు మాస్టారి పీసీలో క్రోధి ఫోల్డర్ తెరిస్తే చైత్రం రెండు, పక్కపక్కనే. అక్షరం తేడా లేదు, చివర్న స్పేస్ కూడా లేదు. విండోస్ ఒకే పేరుతో రెండు ఫోల్డర్లు ఒకేచోట ఉండనివ్వదు కదా, మరి ఇవెలా ఉన్నాయి? మ్యాక్ దగ్గరికెళ్తే అక్కడ చైత్రం ఒక్కటే. టైపింగ్ అమ్మాయి చెప్పిన ముక్క ఇంకా విచిత్రంగా అనిపించింది, "ఒకటి డిలీట్ చేస్తాం సార్, ఒక్కోసారి తెల్లారేసరికి మళ్ళీ పుడుతుంది, ఒక్కోసారి పుట్టదు". ఏది డిలీట్ చేస్తే పుడుతుంది, ఏది చేస్తే పుట్టదు అంటే ఎవరికీ తెలీదు, రెండూ ఒకేలా ఉంటే ఎలా తెలుస్తుంది మరి.

కంటికి ఒకేలా కనిపించి మెషీన్‌కి వేరైతే ఇక బైట్లు చూడాల్సిందే. సర్వర్‌లో లాగిన్ అయ్యి లిస్టింగ్‌ని హెక్స్‌డంప్‌లోకి పంపా, అది పేర్లని బైట్లుగా చూపిస్తుంది. యూటీఎఫ్-8 (యూనికోడ్ అక్షరాల్ని బైట్లుగా దాచే పద్ధతి)లో తెలుగు అక్షరం, గుణింతం గుర్తు, పొల్లు, సున్న, ఏదైనా సరే ఒక్కోటి 3 బైట్లు. చైత్రం అంటే చ, ఐత్వం, త, పొల్లు, ర, సున్న, మొత్తం ఆరు, 18 బైట్లు రావాలి. మొదటి చైత్రం 18 వచ్చింది. రెండోది 21.

ఆ ఎక్స్‌ట్రా 3 బైట్లు ఎక్కడున్నాయా అని చూస్తే చ పక్కనే. మొదటి దాంట్లో ఐత్వం ఈ0 బి1 88, ఒక్క కోడ్. రెండోదాంట్లో దాని బదులు ఈ0 బి1 86, తర్వాత ఈ0 బి1 96, అంటే ఎత్వం, ఆ వెనకాల ఐత్వం కింద వచ్చే తోక విడిగా. మనం చేత్తో రాసేటప్పుడు కూడా ఐత్వం అంటే పైన ఎత్వం పెట్టి కింద ఓ వంపు తిప్పుతాం కదా, యూనికోడ్ వాళ్ళు ఆ తోకకి కూడా వేరే కోడ్ ఇచ్చారు, ఐత్వాన్ని ఈ రెండింటి కలయికగా కూడా రాయొచ్చు, రెండూ సమానమే అని రూల్ పెట్టారు. సమానమే, కానీ బైట్లు వేరు. ఎక్స్‌ట్4కి సమానం గిమానం ఏం తెలీదు, బైట్లు వేరైతే పేరు వేరు. విండోస్ ఫైల్ సిస్టమ్ ఎన్‌టీఎఫ్ఎస్ కూడా ఈ విషయంలో అంతే.

ఇక దోషి ఎవరంటే మ్యాక్ పాత ఫైల్ సిస్టమ్. హెచ్ఎఫ్ఎస్ ప్లస్ మనం ఇచ్చిన పేరుని ఇచ్చినట్టు దాచదు, విడదీయగలిగినవన్నీ విడదీసి దాస్తుంది. ఫ్రెంచ్, జర్మన్ వాళ్ళు నెత్తిన గుర్తులున్న అక్షరాలతో దీనివల్ల ఏళ్ళ తరబడి తలలు పట్టుకున్నారు, వాళ్ళ గొడవ మనదాకా ఎందుకొస్తుందిలే అనుకున్నా నేను. తెలుగు టేబుల్ మొత్తం వెతికితే ఇలా విడిపోయే గుర్తు ఒకే ఒక్కటి, ఐత్వం. కన్నడలో ఐదున్నాయి, మనకి ఒక్కటే. అచ్చు ఐ కూడా విడిపోదు, "ఐదు" సేఫ్, "పైసా" ఔట్.

పన్నెండు నెలల పేర్లు ఒకసారి మనసులో అనుకోండి. ఐత్వం ఉన్నవి చైత్రం, వైశాఖం. అంతే. జ్యేష్ఠం నుంచి ఫాల్గుణం దాకా ఒక్కదాంట్లోనూ లేదు. ఎండలకీ దీనికీ సంబంధం ఏంటో అప్పుడర్థమైంది, కూలర్ వైపు చూసి నవ్వాపుకోలేకపోయా.

మాస్టారికి ఇది చెప్పడానికి నాకు రెండు నిమిషాలు కూడా పట్టలేదు. కాగితం మీద ఐత్వం రాసి, పైముక్క, కిందిముక్క విడిగా చూపించగానే "అంటే ఆ మ్యాకు పదాన్ని విడదీసి దాచుకుంటోంది, మనవాళ్ళు కలిపి రాస్తున్నారు, ఈ లినక్సుకేమో రామాలయము అన్నా రామ ప్లస్ ఆలయము అన్నా ఒకటేనని తెలీదు, అంతేగా" అన్నారు. అంతే మాస్టారూ. ఇంజినీరింగ్ చదివినవాళ్ళకి ఇదే విషయం చెప్పడానికి గంట పట్టిన రోజులున్నాయి.

రాత్రి జరిగేది ఇది: విండోస్‌లో అమ్మాయి చైత్రం ఫోల్డర్ చేస్తుంది, సర్వర్‌లో 18 బైట్ల పేరు. ఒంటిగంటకి స్క్రిప్ట్ దాన్ని మ్యాక్‌కి దింపుతుంది, మ్యాక్ దాన్ని విడదీసి 21 బైట్లుగా దాస్తుంది. వెంటనే స్క్రిప్ట్ రెండో సగం మొదలై మ్యాక్‌లో ఏముందని చూస్తే 21 బైట్ల చైత్రం, సర్వర్‌లో ఆ పేరు లేదు, సరే కొత్తదనుకుని ఎక్కించేస్తుంది. పొద్దున్నే ఇద్దరు చైత్రాలు. మర్నాడు మాస్టారు ఒక చైత్రంలో దిద్దుతారు, టైపింగ్ అమ్మాయి ఇంకో చైత్రంలో అదే వ్యాసం తెరిచి వేరే మార్పు చేస్తుంది, రాత్రికి రెండూ మ్యాక్‌లో ఒకే ఫైల్ మీదకి వచ్చిపడతాయి, ఎవరు ఆఖర్న సేవ్ చేస్తే వాళ్ళదే మిగుల్తుంది. అలా ఒక సంచికలో దిద్దని వ్యాసం అచ్చైపోయింది, మాస్టారు దిద్దలేదని ఆయన మీద మాట కూడా పడింది, నిజానికి ఆయన దిద్దారు. ఇది విన్నాక నాకు నిజంగా సిగ్గేసింది.

డిలీట్ మిస్టరీ కూడా ఇక్కడే తేలిపోయింది. 21 బైట్లది తీసేస్తే స్క్రిప్ట్ మళ్ళీ పుట్టిస్తుంది. 18 బైట్లది తీసేస్తే మ్యాక్ పేరు, సర్వర్ పేరు కలిసిపోతాయి, ఇంక పుట్టదు. సగం సార్లు పనిచేసే మందు కన్నా ప్రమాదం ఇంకోటి లేదు, అది పనిచేసిన రోజు చూసి ఎవరూ నాకు ఫోన్ చెయ్యలేదు.

మరి జ్యేష్ఠం తర్వాత నిజంగా బాగుందా అంటే, లేదు. సర్వర్ మొత్తం స్కాన్ చేస్తే ఏడాది పొడుగునా జంటలున్నాయి, రైతు, వైద్యం, సైన్స్, టైటిల్, డిజైన్, అన్నిట్లో ఐత్వమే. అన్నిటికన్నా ఎక్కువ జంటలున్న పేరు "ఫైనల్". మామూలుగానే ఫైనల్, ఫైనల్ 2, కొత్త ఫైనల్ అని ఐదారు పెట్టుకునే ఆఫీసులో ఇంకో ఫైనల్ పుడితే ఎవరికి అనుమానం వస్తుంది చెప్పండి. ఫోల్డర్ రెండైతేనే కంటికి ఆనింది. 2022లో నేను టెస్ట్ చేసినప్పుడు "టెస్ట్", "ఫోటోలు" అని రెండు ఫోల్డర్లు పెట్టి చూశా, రెండూ చక్కగా వెళ్ళొచ్చాయి. తెలుగు పేర్లతో కూడా చూశానని గర్వంగా బిల్లు ఇచ్చా.

సరే, రిపేరు. మొదటి పని స్క్రిప్ట్ ఆపెయ్యడం. రెండో పని సర్వర్ మొత్తం ఒక బయటి డిస్కుకి, అది కూడా ఎక్స్‌ట్4గా ఫార్మాట్ చేసి, ఉన్నదున్నట్టు కాపీ. పొరపాటున ఈ బ్యాకప్ మ్యాక్ డిస్కు మీద తీసుంటే జంటలన్నీ అక్కడే ఒకదాని మీద ఒకటి పడిపోయేవి, బ్యాకప్ ఉందన్న ధైర్యమే తప్ప బ్యాకప్ ఉండేది కాదు.

పేర్లు మార్చడానికి కాన్వ్‌ఎంవీ అనే చిన్న టూల్ ఉంది, విడిపోయిన పేర్లని కలిపి రాసిన రూపానికి మారుస్తుంది, దాంట్లో నాకు నచ్చేది ఏంటంటే నోటెస్ట్ అని ప్రత్యేకంగా చెప్తే తప్ప నిజంగా ఏమీ మార్చదు, ఏం మార్చబోతోందో చూపించి ఊరుకుంటుంది. పేరు మార్చాక ఆ పేరుతో ఇంకోటి ముందే ఉంటే ఆగిపోతుంది, రీప్లేస్ ఆప్షన్ ఇస్తే రెండింటి లోపలి సరుకు అచ్చంగా ఒకటైతేనే ఒకదాని మీద ఇంకోటి రాస్తుంది. కాబట్టి అచ్చంగా ఒకటే అయిన జంటలు ఒక్క రన్‌లో పోయాయి. లోపల తేడా ఉన్నవి, జంట ఫోల్డర్లు మాత్రం చేత్తో చెయ్యాల్సొచ్చింది. తేడా ఉన్న వ్యాసాలు ప్రింట్ తీసి పక్కపక్కన పెడితే మాస్టారు రెండ్రోజులు కూర్చుని ఏది సరైనదో తేల్చారు. ఆ పని ఏ ప్రోగ్రామూ చెయ్యలేదు, రెండింట్లో ఏది కొత్తది అని చెప్పగలదు గాని ఏది కరెక్టు అని చెప్పలేదు కదా.

సింక్ సంగతికొస్తే, ఆర్‌సింక్ 3 నుంచి ఐకాన్వ్ అనే ఆప్షన్ ఉంది, మ్యాక్ వైపు పేర్లు విడదీసి ఉంటాయి, ఇటువైపు కలిపి ఉంటాయి అని ముందే చెప్పొచ్చు. ఆ మ్యాక్‌తో వచ్చిన ఆర్‌సింక్ మాత్రం 2.6.9, దానికి ఈ ఆప్షనే తెలీదు. కొత్తది వేసుకోవచ్చు, వేసి ట్రై కూడా చేశా, కానీ ఆలోచిస్తే అసలు రెండు వైపులా కాపీ చేసే పద్ధతే తప్పనిపించింది. తీసేశా. ఇప్పుడు డిజైన్ కుర్రాడు కూడా విండోస్ వాళ్ళలాగే సాంబా షేర్‌ని నేరుగా తెరిచి పనిచేస్తాడు, మ్యాక్ ఎస్ఎంబీ (సాంబా మాట్లాడే నెట్‌వర్క్ భాష) మీద పంపేటప్పుడు పేర్లని కలిపిన రూపంలోనే పంపుతుంది, ఐత్వం ఐత్వంగానే చేరుతుంది. పెద్ద పేజీ ఫైళ్ళు తెరవడం కొంచెం నెమ్మదైందని అతను ఇప్పటికీ గొణుగుతుంటాడు, నిజమే, కొంచెం నెమ్మదే.

అయితే ఇలా మార్చిన వారానికే ఇంకో గొడవ బయటపడింది. ఆ కుర్రాడు కవర్ ఫైళ్ళకి "కవర్ 12/4" అని తేదీలు పెడతాడు. మ్యాక్ ఫైండర్‌లో స్లాష్ పెట్టొచ్చు, పైకి స్లాష్ చూపిస్తుంది గాని లోపల కోలన్‌గా దాస్తుంది, పాత మ్యాక్ రోజుల్లో ఫోల్డర్ల మధ్య గీత కోలనే, యూనిక్స్‌లో స్లాష్, రెండింటినీ ఒక ఒరలో పెట్టడానికి చేసిన సర్దుబాటు అది. లినక్స్‌కి కోలన్‌తో పేచీ లేదు, దానికి పనికిరానివి రెండే, స్లాష్, సున్నా బైటు. విండోస్‌కి మాత్రం < > : " / \ | ? * ఈ తొమ్మిదీ పడవు. పాత స్క్రిప్ట్ ఎక్కించిన కవర్లు సర్వర్‌లో కోలన్‌తో ఉండేవి, సాంబా వాటిని విండోస్‌కి ఉన్నదున్నట్టు చూపించలేక మధ్యలో ~ ఉన్న పొట్టి పిచ్చి పేరొకటి తయారుచేసి చూపించేది, మాస్టారు వాటిని వైరస్ అనుకుని ముట్టుకునేవారు కాదు. కొత్త పద్ధతిలో మ్యాక్ ఆ కోలన్‌ని యూనికోడ్‌లో ప్రైవేటుగా వదిలేసిన ఏరియాలోని ఒక కోడ్‌గా మార్చి పంపుతుంది, విండోస్‌లో అది ఖాళీ డబ్బాలా కనిపిస్తుంది. మ్యాక్‌లో మళ్ళీ స్లాష్‌లాగే కనిపిస్తుంది కాబట్టి అతను "నా దగ్గర బానే ఉందన్నా" అంటాడు.

సాంబాలో ఫ్రూట్, కాటియా అని రెండు మాడ్యూల్స్ ఉన్నాయి, ఈ కోడ్‌లని ఇటూ అటూ మార్చి అందరికీ ఏదో ఒకటి కనిపించేలా చెయ్యొచ్చు. చెయ్యలేదు. ఒక మ్యాపింగ్ పెట్టి దాచేస్తే రేపు ఆ ఫైల్ పెన్‌డ్రైవ్‌లో ప్రెస్‌కి వెళ్ళినప్పుడు అక్కడ మళ్ళీ మొదటికొస్తుంది. అన్నిట్నీ హైఫన్‌కి మార్చేసి, తేదీని 2024-04-12 లాగా ఏడాది ముందు పెట్టమని చెప్పా, పేరు వరసలో తేదీ వరస కూడా వచ్చేస్తుంది. ఈ విషయంలో కుర్రాడు వెంటనే ఒప్పుకున్నాడు.

మాస్టారితోనే కష్టమైంది. కథ పేరు "ఎవరు నువ్వు?" అయితే ఫైల్ పేరులోనూ ప్రశ్నార్థకం ఉండాలంటారు. విండోస్ ఎలాగూ పెట్టనివ్వదు కాబట్టి అది తేలిపోయింది, చుక్కలే మిగిలాయి. మన కథకులకి పేరు చివర మూడు చుక్కలు పెట్టడం మహా సరదా, మ్యాక్‌లో "అమ్మ..." అని ఫోల్డర్ పెడితే ఉంటుంది, విండోస్ మాత్రం పేరు చివర చుక్క గాని, స్పేస్ గాని ఒప్పుకోదు, కొట్టినా తీసేస్తుంది. చుక్కలు పుస్తకం లోపల ఉంచుదాం మాస్టారూ, అట్ట మీద వద్దు అంటే ఒప్పుకున్నారు.

పేర్ల పొడుగు ఇంకోటి. టైపింగ్ అమ్మాయి వ్యాసం శీర్షిక మొత్తం, రచయిత పేరు, "రెండో కరెక్షన్ తర్వాత" వరకు అన్నీ ఫైల్ పేరులోనే పెట్టేది. తన పీసీలో సేవ్ అవుతుంది, సర్వర్‌కి కాపీ చేస్తే ఎర్రర్. ఎన్‌టీఎఫ్ఎస్‌లో పేరుకి 255 అక్షరాల దాకా చోటుంది, ఎక్స్‌ట్4లో కూడా 255 అనే రాసుంటుంది గాని అవి బైట్లు. ఇంగ్లీష్‌లో రెండూ ఒకటే, తేడా ఎవరికీ తెలీదు. మనకి ఒక్కోటి 3 బైట్లు కాబట్టి 85కే అయిపోతుంది, అదీ గుణింతం, పొల్లు విడివిడిగా లెక్కేస్తే. "లక్ష్మి" అనే చిన్న పేరుకే ఏడు కోడ్‌లు, 21 బైట్లు. శీర్షికలో రెండు మూడు సమాసాలు పడ్డాయంటే రచయిత పేరుకి చోటుండదు. ముప్పై అక్షరాల లోపు పెట్టమ్మా అని చెప్పి వదిలేశా, ఖచ్చితమైన లెక్క ఎవరికీ గుర్తుండదు.

చివరిది కంటికి అసలు కనిపించనిది. పొల్లు తర్వాత వచ్చే అక్షరం కిందకి దిగి వత్తు అయిపోకుండా ఆపడానికి ఒక కనిపించని కోడ్ ఉంటుంది, "రాజ్‌కుమార్" సరిగ్గా కనపడాలంటే అది కావాల్సిందే. గొడవెక్కడంటే కొన్ని కీబోర్డులు, పాత ఫాంట్ల నుంచి యూనికోడ్‌కి మార్చే కొన్ని టూల్స్ మాట చివరి పొల్లుకి కూడా దాన్ని తగిలిస్తాయి, అక్కడ దానికి పనేమీ లేదు, కనిపించదు, కానీ పేరు మారిపోతుంది. "ఎడిటోరియల్" అని ఇద్దరు టైప్ చేస్తే సర్వర్‌లో రెండు ఫైళ్ళు. కాన్వ్‌ఎంవీ దీన్ని పట్టుకోదు, ఇది విడదీయడం కలపడం కాదు కదా. హెచ్ఎఫ్ఎస్ ప్లస్ అయితే పేర్లు పోల్చేటప్పుడు ఈ కోడ్‌ని లెక్కలోకే తీసుకోదు, 2014లో గిట్ అనే, ప్రోగ్రామర్లు కోడ్ మార్పులు దాచుకునే టూల్‌లో బయటపడిన పెద్ద సెక్యూరిటీ లోపానికి ఒక కారణం సరిగ్గా ఇదే, దాని రహస్య ఫోల్డర్ పేరు మధ్యలో ఈ కనిపించని కోడ్ పెడితే గిట్‌కి వేరే పేరు, మ్యాక్‌కి అదే పేరు. నేను చిన్న పైథాన్ స్క్రిప్ట్ రాశా: స్పేస్, హైఫన్, చుక్క ముందు గాని, పేరు చివర గాని ఉంటే తీసెయ్, మాట మధ్యలో ఉంటే ముట్టుకోకు. మొదట అన్నిచోట్లా తీసేసి చూశా, రాజ్‌కుమార్ గారి జ కింద క వత్తు వచ్చి కూర్చుంది, మాస్టారు చూడకముందే వెనక్కి తిప్పేశా.

ఈ మొత్తం గొడవలో ఓనర్ గారి మేనల్లుడు ఒకటే మాట, "అన్నీ ఇంగ్లీష్‌లో పెట్టుకుంటే పోలా". నెట్‌లో ఎవరినడిగినా ఇదే చెప్తారు, చెడ్డ సలహా కూడా కాదు, కానీ ఇంగ్లీష్‌లో మాత్రం గుంటల్లేవా, విండోస్‌లో సి ఓ ఎన్ అని ఫైల్ పేరు పెట్టి చూడండి, డాస్ కాలం నాటి డివైస్ పేరని ఇప్పటికీ ఒప్పుకోదు. పెద్దక్షరం చిన్నక్షరం తేడాతో లినక్స్‌లో రెండు ఫైళ్ళు విండోస్‌కొచ్చేసరికి కొట్టుకుంటాయి, తెలుగులో ఆ బాధే లేదు. ఆ ఆఫీసులో రోజంతా ఫైళ్ళు తెరిచి మూసేది మాస్టారు. ఆయనకి చదవడానికి వీలైన పేరుని తీసేసి నా స్క్రిప్ట్‌కి వీలైన పేరు పెట్టమనడం నాకు నచ్చలేదు, తప్పు చేసింది నా స్క్రిప్టే కదా.

ఇప్పుడు రాత్రి సింక్ బదులు ఇంకో చిన్న చెకింగ్ నడుస్తుంది. విడిపోయిన పేర్లు, చివర చుక్కలు, ఆ తొమ్మిది గుర్తులు, ప్రైవేట్ ఏరియా కోడ్‌లు, 200 బైట్లు దాటిన పేర్లు, దొరికినవి లిస్టు చేసి నాకు మెయిల్ పంపుతుంది, తనంతట తాను ఏదీ మార్చదు. మొదట్లో రోజూ పదీ పదిహేను వచ్చేవి, దసరా నాటికి వారానికి ఒకటో రెండో.

2025 మార్చి 30 ఉగాది. విశ్వావసు ఫోల్డర్, దాంట్లో చైత్రం, టైపింగ్ అమ్మాయి చేసింది. పండగ పూట అయినా మర్నాడు పొద్దున ఆరింటికే రిమోట్‌లో లాగిన్ అయ్యి చూశా. చైత్రం ఒక్కటే, 18 బైట్లు. ఓనర్ గారికి ఫోన్ చేసి చెప్తే చాలా సంతోషించి, "నిన్ననే కూలర్‌లో గడ్డి మార్పించాను బాబూ" అన్నారు.